ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 నాలుగో తరం: సింథ్‌లు వాడేవాళ్లకు ఎంతవరకు సరిపోతుంది?

మైకు, వాయిద్యాల శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే ఆడియో ఇంటర్‌ఫేస్ స్కార్లెట్ 2ఐ2. దీని మీద వచ్చే రివ్యూల్లో ఎక్కువ భాగం గొంతు, గిటార్ రికార్డు చేసేవాళ్ల కోసం రాసినవే. ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేసేవాళ్ల అవసరం వేరు. వాళ్లకు మైకుతో పని అప్పుడప్పుడే, సింథ్‌తోనూ (శబ్దాలను ఎలక్ట్రానిక్‌గా పుట్టించే వాయిద్యం) డ్రమ్ మెషీన్‌తోనూ మాత్రం రోజూ ఉంటుంది. ఆ లెక్కన చూస్తే 2023లో వచ్చిన ఈ ఇంటర్‌ఫేస్ సౌండ్ నాణ్యతలో గట్టిది, కనెక్షన్ల దగ్గర ఇరుకు.

మైక్ సిగ్నల్‌ను పెంచే ప్రీయాంప్‌లో 69 డీబీ (డెసిబెల్స్) గెయిన్, అంటే పెంచే శక్తి, ఉంది. మూడో తరంలో ఇది 56 మాత్రమే. ష్యూర్ ఎస్‌ఎం7బీ లాంటి డైనమిక్ మైకులకు 60 డీబీ దాకా కావాలి కాబట్టి, పాత మోడల్‌తో విడిగా బూస్టర్ పెట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ ఖర్చు లేదు. గది సౌండ్‌ప్రూఫ్ కానప్పుడు డైనమిక్ మైకే మేలు. దానికి 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో, పాప్ ఫిల్టర్ పెట్టుకుని, మన వెనక మందపాటి రజాయి వేలాడదీసుకుని పాడితే గోడల ప్రతిధ్వని చాలావరకు తగ్గుతుంది.

ఆటో గెయిన్ బటన్ నొక్కితే 10 సెకన్లు విని లెవెల్ తనే పెడుతుంది. చాలామంది ఆ 10 సెకన్లలో మెల్లగా పాడతారు, లేదా సింథ్‌లో ఫిల్టర్ మూసి శబ్దం మందంగా ఉన్న ప్యాచ్ (సింథ్‌లో దాచిన సౌండ్ సెట్టింగ్) వాయిస్తారు. అసలు టేక్‌లో ఫిల్టర్ తెరుచుకుని రెజొనెన్స్ (ఫిల్టర్ అంచు దగ్గర శబ్దం ఎగదన్నడం) లేవగానే సిగ్నల్ క్లిప్ అవుతుంది, అంటే హద్దు దాటి శబ్దం చిరిగిపోతుంది. ఆ 10 సెకన్లలో పాటలో అన్నిటికంటే బిగ్గరగా ఉండే భాగమే వినిపించాలి. పీక్‌లు మైనస్ 12 నుంచి మైనస్ 6 డీబీ మధ్య ఉంటే చాలు. 24 బిట్‌లో రికార్డు చేస్తున్నప్పుడు లెవెల్ ఇంకా పైకి తోయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

క్లిప్ సేఫ్ ఆన్‌లో ఉంటే, సిగ్నల్ హద్దు దాటబోతున్నప్పుడు గెయిన్ దానంతటదే తగ్గుతుంది. గొంతుకు ఇది నిజంగా పనికొస్తుంది. సింథ్‌కు మాత్రం ఆఫ్ చేయాలి. టేక్ మధ్యలో గెయిన్ మారితే, తర్వాత లూప్‌గా కోసినప్పుడు మొదటి బార్‌కీ ఎనిమిదో బార్‌కీ లెవెల్ కలవదు. ఎయిర్ మోడ్ సంగతీ అంతే. అది ఇచ్చే మెరుపు ఫైల్‌లోనే అచ్చయిపోతుంది, వెనక్కి తీయలేం. హై-హ్యాట్‌లు, ఎఫ్‌ఎం సింథ్ గంట శబ్దాల మీద అది చెవికి గుచ్చుకుంటుంది. ఈక్యూతో (బేస్, ట్రెబుల్ లాంటివి సర్దే సాధనం) తర్వాత చేసుకోగల పనిని ముందే ఫైల్‌లో కలిపేయడం అనవసరం.

అసలు చిక్కు మిడి (ఏ స్వరం ఎప్పుడు వాయించాలో వాయిద్యానికి చెప్పే సంకేతాలు) పోర్ట్ లేకపోవడం. సింథ్‌ను కంప్యూటర్‌తో నడపాలంటే యూఎస్‌బీ కేబుల్ పెట్టాలి, ఆడియో కేబుల్ ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్తుంది, ఇంటర్‌ఫేస్ కూడా అదే కంప్యూటర్‌కు యూఎస్‌బీతోనే కలిసి ఉంటుంది. అలా గ్రౌండ్ లూప్ (ఎర్త్ తీగల వలయం) ఏర్పడి, మౌస్ కదిపినప్పుడల్లా సన్నటి కూత, దాని కింద హమ్ వినిపిస్తాయి. ఇంటర్‌ఫేస్ పాడైందని చాలామంది అనుకుంటారు. అది నిజమో కాదో తేల్చుకోవడం తేలిక: సింథ్ యూఎస్‌బీ కేబుల్ పీకండి. కూత ఆగిపోతే తప్పు లూప్‌దే. ఇన్‌పుట్ బ్యాలెన్స్‌డ్ (దారిలో చేరే రొదను రద్దు చేసే కనెక్షన్) అయినా చాలా సింథ్‌ల అవుట్‌పుట్ అన్‌బ్యాలెన్స్‌డ్ కాబట్టి, ఖరీదైన కేబుల్ కొన్నా ఇది పోదు. సింథ్‌కూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (వాయిద్యం సిగ్నల్‌ను మైక్ లెవెల్‌కు మార్చే పెట్టె) పెట్టి, దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ (ఆడియో దారిలో గ్రౌండ్ కలయికను తెంచే స్విచ్) నొక్కాలి, లేదా సింథ్ యూఎస్‌బీ దారిలో ఐసొలేటర్ (విద్యుత్ కలయికను విడదీసే పరికరం) పెట్టాలి. డీఐ నుంచి వచ్చేది మైక్ లెవెల్ కాబట్టి వెనక ఉన్న ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్‌లోకి ఇవ్వాలి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు, అది ప్రాణాల మీదకు తెస్తుంది.

స్టీరియో సింథ్ ఒక్కటి పెడితే రెండు ఇన్‌పుట్‌లూ నిండిపోతాయి. లైన్ అవుట్‌పుట్‌లూ రెండే, అవి స్పీకర్లకు పోతాయి. ట్రాక్‌ను బయటి కంప్రెసర్‌లోకో ఎఫెక్ట్ పెడల్‌లోకో పంపి తిరిగి రికార్డు చేద్దామంటే దారి లేదు. రెండు హార్డ్‌వేర్ వాయిద్యాలు ఉన్నవాళ్లు నేరుగా ఇదే శ్రేణిలోని పెద్ద మోడల్ 4ఐ4 తీసుకోవాలి. అందులో మిడి పోర్ట్‌లు, అదనపు అవుట్‌పుట్‌లు ఉన్నాయి. ప్లగిన్‌లే (కంప్యూటర్‌లో నడిచే వాయిద్యాలు, ఎఫెక్ట్‌లు) వాడుతూ ఎప్పుడైనా గొంతు రికార్డు చేసేవాళ్లకు 2ఐ2 చాలు.

లేటెన్సీ, అంటే వాయించాక శబ్దం వినబడేలోపు ఆలస్యం, పెద్ద సమస్య కాదు. 48 కిలోహెర్ట్జ్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకు తీసుకునే శాంపిళ్ల సంఖ్య) 128 పెడితే ఒకవైపుకు 2.7 మిల్లీసెకన్లు, 512 పెడితే 10.7. వాయించేటప్పుడు తగ్గించి, మిక్స్ చేసేటప్పుడు పెంచుకోవాలి. డైరెక్ట్ మానిటర్ (ఇన్‌పుట్‌ను కంప్యూటర్ దాకా వెళ్లకుండానే వినిపించే బటన్) నొక్కినప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపాలి. లేకపోతే ఒకే శబ్దం కాస్త తేడాతో రెండుసార్లు వినబడి, డబ్బాలో మాట్లాడినట్టుంటుంది.

ఈ మోడల్‌లో అందరూ తక్కువ అంచనా వేసేది లూప్‌బ్యాక్. కంప్యూటర్‌లో మోగేదాన్ని మరో జత ఛానెళ్లుగా రికార్డు చేసుకోవచ్చు. రిఫరెన్స్ ట్రాక్‌ను (పోలిక కోసం ఎంచుకున్న వేరేవాళ్ల పాట) మన మిక్స్ పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. ముందుగా స్ట్రీమింగ్ యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ (పాటలన్నిటినీ ఒకే వాల్యూమ్‌కు తెచ్చే సెట్టింగ్) ఆపాలి. ఆ లూప్‌బ్యాక్ ట్రాక్‌కు మానిటరింగ్ ఆన్ చేయకూడదు, చేస్తే శబ్దం తన మీద తనే తిరిగి చెవులు పగిలేలా కూస్తుంది. రిఫరెన్స్ మైనస్ 8 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత బిగ్గరగా వినబడుతుందో చెప్పే కొలత), మన మిక్స్ మైనస్ 14 ఉంటే రిఫరెన్స్‌ను 6 డీబీ తగ్గించాకే పోల్చాలి. బిగ్గరగా ఉన్నదే బాగుందనిపించడం చెవి గుణం.

తోటి ప్రొడ్యూసర్లకు వినిపించడానికి మాత్రం వీడియో కాల్‌లో లూప్‌బ్యాక్ వాడొద్దు. కాల్ యాప్‌లలోని నాయిస్ సప్రెషన్ రివర్బ్ (ప్రతిధ్వని) తోకలనూ ప్యాడ్‌లనూ (నేపథ్యంలో సాగే స్వరాలు) రొదగా లెక్కేసి కోసేస్తుంది. అవతలివాళ్లు లేని లోపాలకు సలహా చెబుతారు. 24 బిట్ వేవ్ ఫైల్ పంపండి. మాస్టర్ లిమిటర్ (పాట మొత్తం పీక్‌లను హద్దులో ఆపేది) ఉన్న ఫైలొకటి, తీసేసిన ఫైలొకటి ఇస్తే, కిక్ డ్రమ్ మెత్తబడింది మిక్స్‌లోనా లిమిటర్‌లోనా అన్నది వాళ్లకు తెలుస్తుంది. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే వస్తుంది. ‘1:10 దగ్గర బేస్ వచ్చాక కిక్ మునిగిపోతోందా? హెడ్‌ఫోన్‌లో విన్నారా, స్పీకర్‌లోనా?’ అని అడగండి.