19 నెలల మందు, 16 సెషన్ల థెరపీ: పానిక్ అటాక్‌లతో నా అనుభవం

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాను, రాయదుర్గం దగ్గర ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, వయసు 36. పానిక్ అటాక్‌లకు, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే విపరీతమైన భయానికి, ఎస్సిటాలోప్రామ్ అనే మాత్ర 19 నెలలుగా వేసుకుంటున్నాను. మొదటి ఏడు నెలలు దాంతోపాటు థెరపీకి కూడా వెళ్ళాను. మందు మొదలుపెట్టిన కొత్తలో "మొదటి రెండు వారాలు ఇలా ఉంటుంది, భయపడకు" అని తెలుగులో ఎవరైనా రాశారేమోనని రాత్రిళ్ళు ఫోన్ పట్టుకుని వెతికేదాన్ని. నాకు దొరకలేదు. అందుకే రాస్తున్నా.

మొదటి అటాక్ మెట్రోలో వచ్చింది. అమీర్‌పేటలో రైలు మారి బ్లూ లైన్ ఎక్కాను. యూసుఫ్‌గూడ దాటగానే గుండె దడదడా కొట్టుకోవడం మొదలైంది. వేళ్ళ చివర్లలో, పెదాల చుట్టూ తిమ్మిర్లు. ఎంత గాలి పీల్చినా చాలడం లేదు. పాప స్కూల్ నుంచి వచ్చేసరికి నేను ఉండనని ఖాయం చేసుకున్నాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో దిగి ప్లాట్‌ఫాం మీదే కూలబడితే, ఎవరో పుణ్యాత్మురాలు నీళ్ళు తాగించి ఆటో ఎక్కించింది. ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఈసీజీ, ట్రోపోనిన్ పరీక్ష (గుండె కండరం దెబ్బతిందేమో చూసే రక్త పరీక్ష) చేశారు. అన్నీ నార్మల్. "గ్యాస్ అమ్మా, టెన్షన్ పడకండి" అని ఒక గ్యాస్ మాత్ర రాసి పంపించారు. ఆ బిల్లు చూశాక వచ్చిన దడకు మాత్రం సరైన కారణమే ఉంది.

పరీక్షలు చేసినందుకు నాకు ఫిర్యాదు లేదు. మొదటిసారి ఛాతీలో అలా అయితే గుండె సంగతి చూపించుకోవాల్సిందే. కానీ అంతమందిలో ఒక్కరు కూడా "పానిక్" అన్న మాట ఎత్తలేదు. ఆ మాట ఆ రోజే విని ఉంటే రెండు నెలలు మిగిలేవి.

ఆ రెండు నెలల్లో మరో ఆరు అటాక్‌లు వచ్చాయి. మెట్రో మానేశాను, తర్వాత లిఫ్ట్, తర్వాత సూపర్ మార్కెట్ బిల్లింగ్ లైన్. ఆఫీసుకు క్యాబ్‌లో వెళ్తే నెలకు 18 వేల దాకా అయ్యేది. మా అత్తమ్మ "గాలి సోకింది బిడ్డా, యాదగిరిగుట్టకు పోయొద్దాం" అంది. వెళ్ళాం. దర్శనం బాగానే జరిగింది, కానీ క్యూలో మళ్ళీ దడ వచ్చింది. మొత్తానికి మా వీధి డాక్టరే థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూసి, రెండూ బాగానే ఉన్నాయని సైకియాట్రిస్ట్‌కు చీటీ రాశాడు. అది చూసి మా ఆయన నోట వచ్చిన మొదటి మాట "ఎర్రగడ్డకా?" హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్ళకు ఆ పేరు ఎందుకు అంత బరువో చెప్పక్కర్లేదు. నిజానికి ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ, డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళకు అక్కడి ఓపీ పెద్ద ఆసరా. నేను మాత్రం ఇంటికి దగ్గరని ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్ళాను.

సైకియాట్రిస్ట్ 40 నిమిషాలు కూర్చోబెట్టి అడిగారు. ఇంట్లో ఎవరికైనా బైపోలార్ ఉందా, ఇంకేం మందులు వాడుతున్నాను, చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా, అన్నీ. మందు కొత్తలో అలాంటి ఆలోచనలు వచ్చినా, పెరిగినా వెంటనే చెప్పాలని, 25 ఏళ్ళలోపు వాళ్ళలో ఇది మరీ జాగ్రత్తగా చూస్తామని అన్నారు. ఎస్సిటాలోప్రామ్ 5 మిల్లీగ్రాములతో మొదలు, వారం తర్వాత 10. రాత్రికి కంగారును వెంటనే తగ్గించే క్లోనజెపామ్ 0.25 మిల్లీగ్రాములు, అదీ మూడు వారాలకే. అది అలవాటైపోయే మందు కాబట్టి మెడికల్ షాపులో చీటీ చూసి, రిజిస్టర్‌లో పేరు రాసుకున్నాకే ఇచ్చారు. ఏదో తప్పు చేసినట్టు తల దించుకుని నిలబడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఇక ఆ మొదటి రెండు వారాలు. కడుపులో తిప్పడం, ఉప్మా వాసన వస్తే చాలు బాత్రూంలోకి పరుగు. విరేచనాలు. ఆవలింతలు, అదీ నిద్ర రాకుండానే, గంటకు పది పదిహేను. దవడ బిగుసుకుపోయేది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి ఒళ్ళంతా సన్నగా వణికేది. నాలుగో రోజు వచ్చిన అటాక్ అంతకు ముందువాటికంటే పెద్దది. మాత్ర విషంలా పనిచేస్తోందనుకుని డాక్టర్‌కు ఫోన్ చేశాను. ఈ మందు పనిచేసేది సెరటోనిన్ అనే రసాయనం మీద, అది మెదడులో కంటే పేగుల్లోనే ఎక్కువ ఉంటుంది, అందుకే ముందు కడుపు గొడవ చేస్తుందన్నారు. కొందరిలో మందు పని మొదలయ్యే ముందు కంగారు పెరుగుతుందని చెప్పి, నాలుగు రోజులు సగం మాత్ర వేసుకుని మళ్ళీ 5కు రమ్మన్నారు. ఉదయం టిఫిన్ తర్వాతకు మార్చారు. దాంతో తట్టుకోగలిగాను. ఈ ముక్క మొదటి రోజే చెప్పి ఉంటే బాగుండేదని ఆయనతోనే అన్నాను, ఒప్పుకున్నారు.

ఒకరోజు రాత్రి రెండింటికి మా ఆయన్ని లేపడం ఇష్టంలేక టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేశాను. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సర్వీసు అది, 24 గంటలూ ఉంటుంది. తెలుగులోనే మాట్లాడారు. అద్భుతాలేమీ జరగలేదు గానీ, ఆ ఇరవై నిమిషాలు గడిచిపోయాయి. అటాక్ దానంతటదే తగ్గడానికి దాదాపు అంతే సమయం పడుతుందని అప్పటికి నాకు తెలియదు.

ఐదో వారం చివర్లో తేడా తెలిసింది. వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడలేదు. అంతే. అంతకుముందు ప్రతి విజిల్‌కూ గుండె జారేది. గుండె దడ పూర్తిగా పోలేదు, కానీ దాని గొంతు తగ్గింది.

థెరపీలో మొదటి ప్రయత్నం దండగ. ఒక యాప్‌లో దొరికిన కౌన్సెలర్ మూడు సెషన్లపాటు పాజిటివ్‌గా ఆలోచించమని, శ్వాస వ్యాయామాలు చేయమని చెప్పింది. నా విషయంలో ఆ శ్వాస లెక్కలు బెడిసికొట్టాయి. అంకెలు తప్పితే ఇంకా కంగారు. తర్వాత డాక్టర్ పంపిన క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర అసలు పని మొదలైంది. వెళ్ళే ముందు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, మొహమాటపడకండి. ఇంకోటి, తెలుగులో మాట్లాడేవాళ్ళను వెతుక్కోండి. "పానం పోతున్నట్టుంది" అన్నది ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆవిడ కాగితం మీద ఒక చక్రం గీశారు. గుండె వేగం, దాన్ని చూసి భయం, భయానికి ఊపిరి వేగం, ఊపిరి వేగంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తిమ్మిర్లు, ఆ తిమ్మిర్లు చూసి ఇంకా భయం. మూడో సెషన్ నుంచి ఆ లక్షణాలను కావాలని తెప్పించడం. తిరిగే కుర్చీలో నిమిషంపాటు గిరగిరా తిప్పారు. జ్యూస్ ప్యాకెట్‌కు వచ్చే సన్న స్ట్రాతో, ముక్కు మూసుకుని, నిమిషం ఊపిరి పీల్చమన్నారు. క్లినిక్ మెట్లు మూడంతస్తులు పరుగెత్తించారు. "ఏమనిపిస్తోంది?" "చచ్చిపోతాననిపిస్తోంది." "సరే, ఇంకోసారి." డబ్బులిచ్చి మరీ ఈ శిక్ష ఏంటని మొదటి రోజు ఆటోలో ఏడ్చాను. ఆరోసారికి స్ట్రా పెట్టుకుంటే నవ్వొచ్చింది.

తర్వాత మెట్రో. ముందు దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట దాకా, మూడు స్టేషన్లు, వెళ్ళి రావడం. వారంపాటు రోజూ. ఆ తర్వాత ఎంజీబీఎస్, నాంపల్లి, అమీర్‌పేట. నాకు తెలియకుండానే ఎన్ని ఊతకర్రలు పట్టుకు తిరుగుతున్నానో ఆవిడ ఒక్కొక్కటే బయటపెట్టారు. నీళ్ళ బాటిల్, తలుపు పక్కనే నిలబడటం, మా ఆయనతో ఫోన్ లైన్‌లో ఉండటం, నిమిషానికోసారి వాచీలో గుండె వేగం చూసుకోవడం, పర్సులో క్లోనజెపామ్ స్ట్రిప్. వేసుకోను, ఊరికే ఉంటుంది. అది ఉందన్న ధైర్యంతో రైలెక్కితే, ధైర్యం ఆ స్ట్రిప్‌కే వస్తుంది, నీకు రాదన్నారు. వాచీ తీసేయడం తేలికే. స్ట్రిప్ ఇంట్లో వదలడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. మందు లేకపోతే ఈ ప్రయాణాలు మొదలుపెట్టే ఓపికే నాకుండేది కాదు. మందు ఒక్కటే అయితే ఇప్పటికీ క్యాబ్‌లోనే తిరుగుతుండేదాన్ని. నా విషయంలో అంతే, మీకు ఎలా ఉంటుందో మీ డాక్టర్ చెప్పాలి.

ఎక్కువకాలం వాడితే వచ్చే ఇబ్బందుల గురించి ఎవరూ సరిగ్గా రాయరు కాబట్టి కాస్త చెప్తా. బరువు నాలుగు కిలోలు పెరిగాను. ఏప్రిల్, మే ఎండల్లో చెమట మామూలు కంటే ఎక్కువ. దాంపత్యంలో కోరిక బాగా తగ్గింది. ఇది డాక్టర్‌కు చెప్పడానికి ఆరు నెలలు సిగ్గుపడ్డాను, చెప్పాక తెలిసింది ఈ మందుతో ఇది చాలా మామూలని. అన్నిటికంటే వింతగా అనిపించింది ఏడుపు రాకపోవడం. మా చిన్నమ్మ కూతురి పెళ్ళిలో అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తుంటే నేను పొడి కళ్ళతో నిలబడ్డాను. "దీనికేమైంది, రాయిలా ఉంది" అని ఎవరో అనడం వినబడింది కూడా.

బతుకమ్మకు సూర్యాపేట వెళ్తూ మాత్రలు మర్చిపోయాను. రెండో రోజు సాయంత్రానికి తల తిప్పితే లోపల సన్నగా కరెంటు కొట్టినట్టు. ఈ మందు ఉన్నట్టుండి ఆపకూడదని ఎందుకంటారో ఆ రోజు అర్థమైంది. అప్పటినుంచి హ్యాండ్‌బ్యాగ్‌లో నాలుగు మాత్రలు విడిగా ఉంటాయి. ఇది ఊతకర్ర కిందికి రాదని థెరపిస్ట్ ఒప్పుకున్నారు.

ఖర్చు: సైకియాట్రిస్ట్ ఫీజు 800, మొదట్లో నెలకోసారి, ఇప్పుడు మూడు నెలలకోసారి. థెరపీ సెషన్‌కు 1,500 చొప్పున మొత్తం 24 వేలు. మందు పెద్ద భారం కాదు, జన్ ఔషధి దుకాణంలో ఇంకా చవక. 2017 మానసిక ఆరోగ్య చట్టం బీమాలో మానసిక జబ్బుకూ ఒంటి జబ్బుకూ తేడా చూపొద్దంది గానీ, నా పాలసీలో ఓపీయే లేదు కాబట్టి పైసా రాలేదు. మానేసిన క్యాబ్‌తో పోల్చుకుంటే రెండు నెలల్లోపే థెరపీ డబ్బులు తిరిగొచ్చాయి.

చివరి పెద్ద అటాక్ వచ్చి 11 నెలలు దాటింది. చిన్నచిన్నవి వస్తాయి, దుర్గంచెరువు దగ్గర ఒకటి మొదలై హైటెక్ సిటీ వచ్చేసరికి నీరసపడి పోతుంది. గత నెల డాక్టర్ 10 నుంచి 5కు తగ్గించారు. ఇది మూడో వారం. అప్పుడప్పుడు కళ్ళు తిరుగుతున్నాయి, చిరాకు కొంచెం ఎక్కువైంది. మొన్న రాత్రి టీవీలో ఏదో సీరియల్‌లో పెళ్ళి సీను వస్తుంటే కూర్చుని ఏడ్చాను. మా ఆయన కంగారుపడి డాక్టర్‌కు ఫోన్ చేద్దామన్నాడు. కాసేపు ఆగమని, ఆ సీను అయిపోయేదాకా ఏడ్చాను.