హోమ్ థియేటర్ లెవెల్స్‌కు సౌండ్ లెవల్ మీటర్: చాలాకాలం వాడాక

స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్‌తో వచ్చే మైకు ఉండగా మళ్లీ మీటరెందుకు? షాబాద్ బండల నేల, పైన సిమెంటు స్లాబు, ఒకపక్క వంటింటికి తెరిచి ఉన్న హాలు. నల్లగొండ, పాలమూరు వైపు చాలా ఇళ్లు ఇట్లాగే ఉంటాయి. ఆ మైకుతో రిసీవర్ తనే లెవెల్స్ సరిచేసుకునే ఆటో క్యాలిబ్రేషన్ ఇక్కడ ముందు స్పీకర్లను బాగానే కుదురుస్తుంది. తడబడేది వెనక స్పీకర్లైన సరౌండ్ల దగ్గర, బాస్ (లోతైన శబ్దం) ఇచ్చే సబ్‌వూఫర్ దగ్గర. గోడ పక్కనున్న సరౌండ్‌కూ వంటింటి వైపు దానికీ 2, 3 డెసిబెల్స్ తేడా మిగిలిపోతుంది.

చౌక మీటరైనా చాలు, కానీ సీ-వెయిటింగ్ (బాస్‌ను పెద్దగా కోయకుండా కొలిచేది), స్లో (అంకె నెమ్మదిగా మారేది) రెండూ ఉండాలి. ఏ-వెయిటింగ్ ఒక్కటే ఉన్నది కొనొద్దు. 50 హెర్ట్జ్ బాస్ దగ్గర అది దాదాపు 30 డెసిబెల్స్ కోసేస్తుంది. ఆ అంకె నమ్మి సబ్ పెంచుకుంటూ పోతే కిటికీ రెక్కలు దడదడలాడతాయి. ఫోన్ యాప్ స్పీకర్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి పనికొస్తుంది, బాస్‌కు కాదు.

మీటర్‌ను చేత్తో పట్టుకోకుండా ట్రైపాడ్ మీద పెట్టాలి. కూర్చుంటే చెవులుండే ఎత్తు, మైకు పైకప్పు వైపు. ఫ్యాను, కూలర్ బంద్. గదిలో సప్పుడు, రిసీవర్ వినిపించే టెస్ట్ టోన్ కంటే కనీసం 10 డెసిబెల్స్ కింద లేకుంటే అంకె ఎక్కువ చూపిస్తుంది. అందుకే ఎండాకాలంలో తెల్లారగట్ల కొలవడమే మేలు.

మాన్యువల్ లెవెల్స్ మెనూలో టెస్ట్ టోన్ పెట్టి ముందువైపు ఎడమ స్పీకర్‌ను 75 డెసిబెల్స్‌కు తెచ్చి, మిగతావి దానికి కలపాలి. అర డెసిబెల్ తేడాకు కుస్తీ అక్కర్లేదు. సబ్ టోన్‌కు అంకె నిలవదు, ఊగుతూనే ఉంటుంది. కాసేపు చూసి మధ్యది తీసుకోవాలి. సబ్ ట్రిమ్ (మెనూలో ఆ స్పీకర్‌కు పెట్టే లెవెల్ అంకె) -12 దాకా దిగిందంటే సబ్ వెనక గెయిన్ నాబ్ (దాని సొంత వాల్యూమ్) ఎక్కువైనట్టే. నాబ్ తగ్గించి, ట్రిమ్ 0కి అటూఇటూ 3 లోపు పడేదాకా మళ్లీ కొలవాలి. ట్రిమ్ మరీ కిందుంటే సిగ్నల్ చాలక, సబ్ దానంతటదే ఆన్ అయ్యే ఆటో-ఆన్ పనిచేయదు, మెల్లగా పెట్టుకున్నప్పుడు సబ్ లేవనే లేవదు. పాడైందని రిపేరుకు మోసుకెళ్లేముందు ఇది చూడండి.

అన్నీ సమమయ్యాక డైలాగ్ వినిపించే సెంటర్ స్పీకర్ ఒక్కటి 1, 2 డెసిబెల్స్ పెంచుకోవచ్చు. మన సినిమాల్లో బీజీఎం డైలాగ్ మీదికి ఎక్కుతుంది మరి.

మీటర్ పట్టుకోలేని చిక్కొకటుంది. ఆడిసీ అనే ఆటో క్యాలిబ్రేషన్ ఉన్న రిసీవర్లలో డైనమిక్ ఈక్యూ అనే సెట్టింగ్, వాల్యూమ్ తగ్గేకొద్దీ సరౌండ్లను లేపుతుంది. రాత్రిపూట వెనక నుంచి వాన, జనం సప్పుడే ముందుకొస్తుంటే ట్రిమ్ ముట్టుకోవద్దు. ఆ లేపడాన్ని తగ్గించే రిఫరెన్స్ లెవల్ ఆఫ్‌సెట్ 10 గానీ 15 గానీ పెట్టండి.

చౌక మీటర్లు 31.5 హెర్ట్జ్ కంటే కింద లెక్కకు రావు, అదొక్కటే లోటు. బ్యాటరీ వాడనప్పుడు తీసేయాలి. ట్రిమ్ అంకెలు కాగితం మీద రాసి రిసీవర్ కింద పెట్టుకోండి, ఫ్యాక్టరీ రీసెట్ కొడితే అన్నీ పోతాయి.