కింది పళ్ళ వెనక అతికించిన రిటైనర్ వైరు: ఇన్నేళ్ళు వాడాక చెప్తున్నది

క్లిప్పులు తీయించుకోబోతున్నవాళ్ళు ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే, కింది ముందు పళ్ళకి వెనక వైరు వేయించుకోండి అని. ఇప్పటికీ అదే చెప్తాను. కాకపోతే ఈమధ్య ఆ మాటకి ఇంకొన్ని మాటలు కలపాల్సి వస్తోంది, వాటికోసమే ఇది రాస్తున్నాను.

క్లిప్పులతో సరిచేసిన పళ్ళు మళ్ళీ పాత వంకరకి తిరిగిపోకుండా పట్టి ఉంచేదే రిటైనర్. నాది ఈ కోర పన్ను నుంచి ఆ కోర పన్ను దాకా 6 పళ్ళకీ విడివిడిగా సిమెంటు చుక్కలతో అతికించిన రకం. సన్నటి తీగలు మెలిపెట్టి చేసిన వైరు, మందం అర మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటుంది. దీంట్లో నాకు అన్నిటికంటే నచ్చింది, దాని గురించి ఆలోచించాల్సిన పనే లేకపోవడం. పై పళ్ళకి ఇచ్చిన ప్లాస్టిక్ ట్రే అలా కాదు. రోజూ రాత్రి పెట్టుకోవాలి, పొద్దున తీసి కడగాలి, వేడినీళ్ళు తగిలితే వంకరపోతుంది, పేపర్లో చుట్టి పక్కన పెడితే ఎవరో చెత్తబుట్టలో పడేస్తారు, నాలుగు రోజులు మానేసి మళ్ళీ పెట్టుకోబోతే బిగుతుగా ఉండి పళ్ళు లాగుతాయి. వైరుతో ఈ గొడవేమీ లేదు. మొదట్లో కొన్నాళ్ళు నాలుక ఊరికే అక్కడికే పోయేది, తర్వాత అది ఉందన్న సంగతే తెలియలేదు.

ఎన్నాళ్ళు ఉంచుకోవాలి అని అందరికీ వచ్చే సందేహం. క్లిప్పులు తీశాక పళ్ళ చుట్టూ ఉన్న చిగురు నారలు కొత్త చోటికి సర్దుకోవడానికి ఏడాది దాకా పడుతుంది. సరే, ఏడాది అయ్యాక తీసేద్దామా అంటే, వయసు పెరిగేకొద్దీ కింది ముందు పళ్ళు ఒకదానిమీదికి ఒకటి ఒరగడం అసలు క్లిప్పులే పెట్టుకోనివాళ్ళకి కూడా జరుగుతుంది. పళ్ళు తిన్నగానే ఉండాలి అనుకున్నన్నాళ్ళూ ఏదో ఒక రిటైనర్ ఉండాల్సిందే. జ్ఞానదంతాలు తోస్తే ముందు పళ్ళు వంకరపోతాయి, వాటిని పీకించేస్తే చాలు అనే మాట చాలామంది నమ్ముతారు గానీ, పీకించుకున్నవాళ్ళకీ, అవి అసలు రానివాళ్ళకీ కూడా ఒరుగుతూనే ఉంటాయి.

ఇక జరిగింది చెప్తాను. ఒక రాత్రి ఫ్లాస్ చేసుకుంటున్నాను, అంటే పళ్ళ సందులు దారంతో శుభ్రం చేసుకుంటున్నాను. వైరు ఉన్న పళ్ళకి దారం పైనుంచి దిగదు, దానికి ప్లాస్టిక్ సూదిలాంటిది ఉంటుంది, దారం దానికి ఎక్కించి వైరు కిందనుంచి దూర్చి తీయాలి. రోజూ చేసే పనే. ఆరోజు దారం కొస లాగుతుంటే అది వైరుకీ ఒక పంటికీ మధ్యలో దూరి, ఆ పంటి వెనకంతా జారి, అవతలి సందు దాకా వెళ్ళిపోయింది. అక్కడ సిమెంటు చుక్క ఉంటే మధ్యలోనే ఆగాలి కదా. గోరుతో నొక్కి చూస్తే వైరు ఆ ఒక్కచోట సన్నగా ఊగింది. నొప్పి లేదు, గుచ్చుకోవడం లేదు, అద్దంలో చూస్తే వైరు ఎక్కడిదక్కడే ఉంది, ఎందుకంటే మిగతా 5 పళ్ళూ దాన్ని పట్టుకునే ఉన్నాయి. రెండు కోర పళ్ళకి మాత్రమే అతికించే లావు వైరు రకం అయితే ఒక కొస ఊడగానే నాలుకకి గుచ్చుకుని చెప్తుంది. నాదాంట్లో ఏ పంటికి చుక్క ఊడితే ఆ పన్ను ఒక్కటీ చడీచప్పుడు లేకుండా తన దారిన పోతుంది.

నా కోపం అంతా దాని తర్వాత జరిగినదాని మీద. దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి వెళ్ళాను. అక్కడ చాలా మర్యాదగా, చకచకా పని కానిచ్చారు. పన్ను ఆరబెట్టి, పుల్లటి జెల్ ఒకటి రాసి, కడిగి, మళ్ళీ ఆరబెట్టి, చుక్క పెట్టి, నీలం లైటు చూపించి, అయిపోయింది అన్నారు. పన్ను ఏమైనా కదిలిందా అని నేను అడిగాను కూడా. ఏం కాలేదు, బానే ఉంది అన్నారు, అద్దంతో ఒక్క చూపు చూసి. నేను సంతోషంగా వచ్చేశాను.

కొన్ని నెలల తర్వాత, పళ్ళకి పట్టిన గార గీకి తీసే స్కేలింగ్‌కి ఇంకో డాక్టర్ గారి దగ్గరికి వెళ్తే, ఆవిడ ఆ పంటి దగ్గర ఆగి, క్లిప్పులు తీసినప్పుడు తీసుకున్న అచ్చు మీ దగ్గర ఉందా అని అడిగారు. ఉంది, ప్లాస్టర్ అచ్చు అట్టపెట్టెలో దాచి ఉంచాను. మళ్ళీ వెళ్ళినప్పుడు పట్టుకెళ్తే, అచ్చుని నా నోటి పక్కన పెట్టి అద్దం ఇచ్చారు. అచ్చులో ఆ పన్ను పక్క పంటితో సమానంగా వరసలో ఉంది. నోట్లో ఉన్నది ఒక అంచు ముందుకి తిరిగి ఉంది, చాలా కొద్దిగా, కానీ పక్కపక్కన పెట్టి చూశాక ఇక అదే కనిపిస్తుంది. తిరిగిపోయిన పన్ను అలా ఉండగానే వైరు అతికిస్తే దాన్ని ఆ వంకరలోనే కట్టేసినట్టు అని ఆవిడ చెప్పారు. ముందు పన్నుని వెనక్కి తేవాలి, తర్వాతే అతికించాలి. కదిలింది కొంచెమే కాబట్టి వైరు తీసేసి, పళ్ళ కొత్త అచ్చులో ఆ ఒక్క పన్నుని సరిచేసి దానిమీద ఒక ట్రే చేసి ఇచ్చారు, అది కొన్ని వారాలు రాత్రీపగలూ పెట్టుకున్నాక కొత్త వైరు పడింది. పన్ను దాదాపు పాత చోటికే వచ్చింది. దాదాపు అనే అంటున్నాను.

అందుకని, ఎప్పుడైనా ఊడితే, అతికించడానికి ముందే పాత అచ్చుతోనో పాత ఫొటోలతోనో పోల్చి చూడమని గట్టిగా అడగండి. అచ్చు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, పారేయకండి. ఇంకొకటి, అతికించేటప్పుడు ఉమ్మి తగిలితే చుక్క సరిగా పట్టుకోదు, కింది పళ్ళ వెనక ఉమ్మి ఊరుతూనే ఉంటుంది, కాబట్టి డాక్టర్ దూది పెట్టి, పైపుతో లాగి, రెండుసార్లు ఆరబెడుతుంటే విసుక్కోకుండా నోరు తెరిచి ఉంచండి.

ఆ ఉమ్మి వల్లే ఇంకో సమస్య కూడా ఉంది. లాలాజల గ్రంథుల నాళాలు నాలుక కింద, సరిగ్గా ఆ ముందు పళ్ళ వెనకే తెరుచుకుంటాయి, ఉమ్మిలో ఉన్న ఖనిజాలతో అక్కడి పాచి గట్టిపడి గార అయిపోతుంది. వైరు లేనివాళ్ళకే అక్కడ గార ఎక్కువ, వైరు ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అసలు శుభ్రం చేయడం తేలికే అని ఇదివరకు అందరికీ చెప్పేదాన్ని, ఆ మాట ఇప్పుడు అనను. సూదితో దారం దూర్చడం అలవాటు కావడానికి ఓపిక కావాలి, అలవాటయ్యాక కూడా ఆరు నెలలకోసారి స్కేలింగ్ తప్పట్లేదు. స్కేలింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని భయపడేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. గార చిగురుని కిందికి తినేసి ఎముకని తగ్గించేశాక, ఆ గార తీసేస్తే అది కప్పి ఉంచిన సందు బయటపడుతుంది, చల్లనివి కొన్నాళ్ళు జివ్వుమంటాయి. వదులు చేసింది స్కేలింగ్ కాదు, అప్పటిదాకా పేరుకున్న గార.

ఎమ్మారై తీయించుకోవాల్సి వస్తే వైరు ఉందని ముందే చెప్పాలి. బాగా అతుక్కుని ఉంటే మామూలుగా ఇబ్బంది ఉండదు గానీ, నోటికి దగ్గర్లో తీసే బొమ్మలు ఆ లోహం వల్ల మసకబారొచ్చు. పళ్ళు తెల్లబరచుకోవడానికి వైరు అడ్డం కాదు, అది వెనక ఉంటుంది, తెల్లబడాల్సింది ముందువైపు.

ఇంతకీ వేయించుకోవాలా అంటే, నా కింది పళ్ళు మొదట్లో బాగా ఇరుగ్గా, రెండు పూర్తిగా తిరిగిపోయి ఉండేవి, అలాంటివే తొందరగా వెనక్కి తిరుగుతాయి, పైగా నేను రాత్రి ఫ్లాస్ మానను, కాబట్టి నాకు ఇదే నయం. చిగుళ్ళనుంచి రక్తం వచ్చేవాళ్ళు, బ్రష్ ఒక్కటే చేసి పడుకునేవాళ్ళు అయితే తీసి పెట్టుకునే ట్రే వైపే వెళ్ళమంటాను. నేను కూడా కొత్త వైరు పడ్డాక కింది పళ్ళకి ఒక ట్రే విడిగా చేయించుకుని వారానికి ఒకట్రెండు రాత్రులు పెట్టి చూస్తున్నాను, బిగుతుగా అనిపించిందంటే ఏదో కదిలినట్టు. పై పళ్ళకి మాత్రం వైరు వేయించుకోలేదు. నాకు పై పళ్ళు కింది పళ్ళ మీదికి బాగా దిగుతాయి, కొరికినప్పుడల్లా కింది పళ్ళు తగిలి పై వైరు ఊడిపోతూనే ఉంటుందని డాక్టర్ గారు వద్దన్నారు.