యెరూషలేము, బేత్లెహేము, గలిలయ: సమాధానం (శాంతి) కోసం వెళ్లే బృందానికి యాత్రా వివరాలు

పరిశుద్ధ దేశ యాత్రల ప్యాకేజీలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కడం, రోజుకు ఆరేడు స్థలాలు, ఒక్కోచోట అరగంట, చివర్లో ఒలీవ చెక్క బొమ్మల దుకాణం. అక్కడ బతుకుతున్న మనుషులతో మాట్లాడే తీరికే ఉండదు. సమాధానం గురించి ప్రార్థించాలని, నేర్చుకోవాలని వెళ్లే బృందం ముందు ఆ జాబితాను సగానికి కోసెయ్యాలి. రోజుకు మూడు స్థలాలు, ఒక ముఖాముఖి చాలు. బృందం పాతిక మందికి మించకపోతే మంచిది. అంతకు మించితే గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవడం కుదరదు, అదొక సభ అయిపోతుంది.

2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలైనప్పటి నుంచి అక్కడి పరిస్థితి ఎప్పటికప్పుడు మారుతోంది. టికెట్లు కొనేముందు విదేశాంగ శాఖ సూచనలతో పాటు బీమా పత్రం కూడా చదవాలి. చాలా పాలసీలు యుద్ధం వల్ల కలిగే నష్టానికి పైసా ఇవ్వవు. విమానాశ్రయంలో పాస్‌పోర్టు మీద ముద్ర వెయ్యకుండా చిన్న చీటీ ఇస్తారు. హోటల్లో, చెక్‌పోస్టుల్లో దాన్ని అడుగుతారు కాబట్టి పాస్‌పోర్టులోనే పెట్టుకోవాలి.

యెరూషలేములో బసకు క్రైస్తవ సంస్థల అతిథి గృహాలే మేలు. పాత నగరం లోపలున్న ఆస్ట్రియన్ హాస్పిస్‌ను 1863లో యాత్రికుల కోసమే తెరిచారు. మేడ మీద నిలబడితే గుమ్మటాలు, గోపురాలు, మినార్లు ఒక్కచోటే కనిపిస్తాయి. చిక్కల్లా సామానుతోనే. పెద్ద బస్సులు గోడ లోపలికి రావు. దమస్కు ద్వారం దగ్గర దిగి, జనం కిక్కిరిసిన సందుల్లో, మెట్ల మీదుగా పెట్టెలు మోసుకెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కువైతే న్యూ గేట్ ఎదురుగా ఉన్న నోత్రదామ్ గానీ, నాబ్లస్ రోడ్డులోని ఆంగ్లికన్ సెయింట్ జార్జ్ అతిథి గృహం గానీ చూసుకోవాలి. నోత్రదామ్ ఖర్చు ఎక్కువే, కానీ బస్సు గుమ్మం దాకా వస్తుంది. ఎక్కడ దిగినా లిఫ్ట్ ఉందా, రాత్రి ఎన్నింటికి తలుపు వేస్తారు అన్నవి ముందే అడగాలి.

పరిశుద్ధ సమాధి ఆలయానికి పగలు వెళ్తే సమాధి దగ్గర గంటా రెండు గంటల వరుస ఉండొచ్చు. లోపలి గదిలో ఒకసారి నలుగురికి మించి పట్టరు. ఆలయం వేసవిలో ఉదయం 5కు, చలికాలంలో 4కు తెరుస్తారు. ఆ వేళకు వెళ్తే ప్రశాంతంగా ప్రార్థన చేసుకోవచ్చు. కానీ సమాధానం గురించి ఆలోచించే బృందానికి సాయంత్రం తలుపు మూసే వేళ కూడా ముఖ్యమే. తాళంచెవి ఒక ముస్లిం కుటుంబం దగ్గర, తలుపు తీసే, మూసే బాధ్యత నుసైబే అనే ఇంకో ముస్లిం కుటుంబం దగ్గర శతాబ్దాలుగా ఉన్నాయి. నుసైబే కుటుంబీకుడు చిన్న నిచ్చెన వేసుకుని పైతాళం వేస్తాడు. తర్వాత ఆ నిచ్చెనను తలుపులోని చిన్న కిటికీలోంచి లోపలున్న సన్యాసులకు అందిస్తారు. చలికాలంలో 7కు, వేసవిలో 9కి ఇది జరుగుతుంది. పావుగంట ముందే ముంగిట్లో నిలబడాలి.

లోపల గ్రీకు ఆర్థడాక్స్, కథోలిక, ఆర్మేనియన్ సంఘాలతో పాటు కోప్తు, సిరియన్, ఇథియోపియన్ సంఘాలకూ వాటా ఉంది. 1852 నాటి ఒట్టోమన్ ఫర్మానా (తుర్కీ సుల్తాను ఆజ్ఞ) ప్రకారమే ఏ మూల ఎవరిది, ఏ వేళ ఎవరిది అన్నది నడుస్తోంది. ఈ ఏర్పాటు చక్కని సఖ్యత అని చెప్పే గైడును నమ్మకండి. 2008లో గ్రీకు, ఆర్మేనియన్ సన్యాసులు ఇక్కడే కొట్టుకున్నారు. సమాధి కట్టడం కూలకుండా 1947లో బిగించిన ఇనుప దూలాలు దాదాపు 70 ఏళ్లు అలాగే ఉన్నాయి. చివరికి మూడు సంఘాలూ ఒప్పుకున్నాయి కాబట్టే 2016లో మరమ్మతు మొదలై, 2017 మార్చిలో పూర్తయింది. ప్రేమ కుదరని చోట కూడా కాగితం మీది కట్టుబాటు ప్రాణాలు కాపాడుతుందని, అది ఉన్నా మనసులు కలవాల్సిన పని మిగిలే ఉంటుందని ఈ గోడలు చెబుతాయి.

ఒలీవల కొండ పైనుంచి కిందికి నడవాలి, ఎక్కకూడదు. దారి నిటారుగా ఉంటుంది, రాళ్లు అరిగి నున్నబడ్డాయి, వానలో జారతాయి. దారిలో దోమినుస్ ఫ్లేవిత్ (‘ప్రభువు ఏడ్చాడు’) ఆలయం దగ్గర ఆగి లూకా 19:41-44 చదవండి. బలిపీఠం ముందుభాగంలో రెక్కల కింద పిల్లల్ని దాచుకున్న కోడి చిత్రం, దాని వెనక కిటికీలో నగరమంతా కనిపిస్తాయి. చాలా కథోలిక ఆలయాలు మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా మూసేస్తారు కాబట్టి ఈ నడక 9 లోపే మొదలెట్టాలి.

బేత్లెహేము 10 కిలోమీటర్ల లోపే, కానీ దాన్ని ఒక పూటలో ముగించడం అన్యాయం. కనీసం రెండు రాత్రులు అక్కడే ఉండాలి. గదులు యెరూషలేము కంటే చవక, డబ్బు స్థానిక కుటుంబాలకు చేరుతుంది. బేత్లెహేము పాలస్తీనా పాలనలో ఉంది. ఇజ్రాయెలీ గైడుకు ప్రత్యేక అనుమతి లేకపోతే లోపలికి రాడు, అందుకే పాలస్తీనా గైడును ముందే మాట్లాడుకోవాలి. ఒక్కసారైనా బస్సు దిగి, పాస్‌పోర్టు పట్టుకుని చెక్‌పోస్టును నడిచి దాటండి. ఇజ్రాయెల్ కట్టిన, కొన్నిచోట్ల 8 మీటర్ల ఎత్తున్న వేర్పాటు గోడ బస్సు కిటికీలోంచి అర్థం కాదు. చెక్‌పోస్టు ఎప్పుడైనా మూసేయొచ్చు, విమానం ఉన్న రోజున బేత్లెహేము కార్యక్రమం పెట్టుకోవద్దు. యేసు పుట్టిన చోటుగా చెప్పే నేటివిటీ ఆలయం గుహలో ఆదివారం ఉదయం ఆరాధనలుంటాయి, ఇతర రోజుల్లో వెళ్లాలి.

గలిలయలో ధన్యతల కొండ మీది ఎనిమిది ముఖాల ఆలయం 1938 నాటిది. లోపల గైడులు మాట్లాడకూడదు, మత్తయి 5 బయట చెట్ల కింద చదువుకోవాలి. దగ్గర్లోని తబ్గా ఆలయానికి (ఐదు రొట్టెలు, రెండు చేపల అద్భుతం గుర్తుగా కట్టినది) 2015లో యూదు తీవ్రవాదులు నిప్పుపెట్టారు. ఎందరో రబ్బీలు (యూదు మతగురువులు) దాన్ని ఖండించారు, మరమ్మతుకు చందాలు పోగుచేసిన యూదులూ ఉన్నారు. ఈ సంగతి చెప్పకుండా ఆ ఆలయం చూపిస్తే సగం చూపించినట్టే. బాప్తిస్మానికి యొర్దాను నది ఒడ్డున యర్దెనిత్ సౌకర్యంగా ఉంటుంది, కానీ వ్యాపారం వాసన ఎక్కువ. దక్షిణాన యెరికో దగ్గర అదే నది ఒడ్డునున్న ఖస్ర్ అల్ యహూద్‌లో ప్రవేశం ఉచితం, ఎదుటి ఒడ్డు జోర్డాన్.

ఇక ముఖాముఖిలు. ఇరుపక్కలా బిడ్డల్ని, తోబుట్టువుల్ని పోగొట్టుకున్నవారు 1995లో పెట్టుకున్న పేరెంట్స్ సర్కిల్ వేదికలో ఒక ఇజ్రాయెలీ, ఒక పాలస్తీనీయుడు కలిసి మాట్లాడతారు. మొదటి ఎంపిక ఇదే. యూదులు, అరబ్బులు కలిసి బతుకుతున్న నెవె షాలోమ్ గ్రామానికి యెరూషలేము నుంచి టెల్ అవీవ్ వెళ్లే దారిలో ఆగొచ్చు. బేత్లెహేముకు నైరుతిన ఒక పాలస్తీనా క్రైస్తవ కుటుంబం నడిపే టెంట్ ఆఫ్ నేషన్స్ పొలం దగ్గర దారికి రాళ్లు అడ్డం వేశారు, చివరి దూరం నడవాలి. ద్వారం దగ్గర రాతి మీద ‘శత్రువులం కావడానికి ఒప్పుకోం’ అన్న మాట రాసుంటుంది.

వక్తకు నలభై నిమిషాలు ఇవ్వండి, మధ్యలో అడ్డుపడొద్దు. ‘తప్పు ఎవరిది?’ అన్న ప్రశ్న ఎవరూ అడగకూడదని ముందే చెప్పండి. ‘మీకు ఏం జరిగింది, రేపు ఏం కావాలి?’ అని అడిగితే మాట సాగుతుంది. అడగకుండా ఫొటోలు తీయొద్దు. రుసుము ముందే మాట్లాడి కవరులో ఇవ్వండి. ఒకే పక్షాన్ని విని వచ్చిన బృందం ఇంటికొచ్చి వాదన మొదలెడుతుంది, అందుకే రెండు పక్షాలకూ చోటు ఉండాలి, కానీ ఒకే రోజున కాదు. నాజీలు చంపిన యూదుల స్మారకమైన యాద్ వాషెమ్‌కు మూడు గంటలు కేటాయించండి, శనివారం మూసి ఉంటుంది, పదేళ్ల లోపు పిల్లల్ని మ్యూజియంలోకి రానివ్వరు. ఆ రోజు మధ్యాహ్నం ఇంకే ముఖాముఖీ పెట్టొద్దు, రాత్రి భోజనం తర్వాత ఒక్కొక్కరికీ రెండు నిమిషాల చొప్పున మాట్లాడే అవకాశమిచ్చి, ప్రార్థనతో ఆపేయండి.