కార్నెగీ పుస్తకం: ఏళ్ల వాడకంలో పనికొచ్చింది, రానిది

మనుషులతో ఎలా మెలగాలో చెబుతూ డేల్ కార్నెగీ 1936లో రాసిన ‘హౌ టు విన్ ఫ్రెండ్స్ అండ్ ఇన్‌ఫ్లుయెన్స్ పీపుల్’ను నవలలా ఏకబిగిన చదివితే గుర్తుండేవి నాలుగు పిట్టకథలే. 1912 నుంచి న్యూయార్క్‌లో పెద్దవాళ్లకు మాట్లాడటం నేర్పిన మాస్టారు ఆయన. ఆ క్లాసుల్లోంచి పుట్టిన పుస్తకం కాబట్టి పాఠంలాగే చదవాలి. మొత్తం 30 సూత్రాలు. వారానికి ఒకటి చాలు, రెండు పెట్టుకుంటే రెండూ జారిపోతాయి.

నాలుగో భాగంలో తప్పును సున్నితంగా చెప్పడం గురించి ఉంది చూశారూ, పుస్తకం ఖరీదు అక్కడే గిట్టిపోతుంది. ‘మార్కులు బాగా వచ్చాయి, కానీ లెక్కల్లో...’ అనగానే పిల్లవాడి చెవిలో ‘కానీ’ ఒక్కటే మిగులుతుంది. దాని బదులు ‘అయితే’ పెట్టినా అంతే. ‘బాగా వచ్చాయి. ఇలాగే చదివితే ఈసారి లెక్కల్లోనూ వస్తాయి’ అనాలి. తెలుగులో ఇంకో గొయ్యి ఉంది: ‘బాగానే చేశావు’. ఆ ఒక్క ‘నే’ మెప్పును సగానికి కోసేస్తుంది.

మెప్పు బెడిసికొట్టేది ఎక్కువగా వివరం లేకనే. ‘మీరు చాలా గొప్పవారండీ’ అంటే ఏదో పని పడిందనుకుంటారు. ‘ఆ రెండు బిల్లులూ కలవలేదని మీరు పట్టుకోబట్టి సరిపోయింది’ అంటే నమ్ముతారు.

పేరు పెట్టి పిలవమన్న సలహా అమెరికా అలవాటు. మన దగ్గర పెద్దవాళ్లను ఉత్త పేరుతో పిలిస్తే ఉన్న చనువూ పోతుంది. పేరుతోపాటు ‘బాబాయ్’ అనాలో ‘గారు’ అనాలో కూడా గుర్తుపెట్టుకోవాలి.

1863లో, అమెరికా అంతర్యుద్ధంలో, గెటిస్‌బర్గ్ యుద్ధం తర్వాత తన సేనాని జనరల్ మీడ్‌కు లింకన్ కోపంతో ఉత్తరం రాసి, పంపకుండా ఉంచేసిన కథ నిజంగా పనికొస్తుంది. కోపంలో టైప్ చేసిన వాట్సాప్ మెసేజ్‌ను తెల్లారేదాకా ఆపండి, సగం వాక్యాలు మీరే కొట్టేస్తారు.

లోపమూ చెప్పాలి. ఇందులోని ఉదాహరణలు చాలావరకు అధికారం చేతిలో ఉన్నవాళ్లవి. ‘ఆలోచన అవతలివారిదే అనిపించనివ్వండి’ అన్న సూత్రం పై అధికారికి చెల్లుతుంది. కింది ఉద్యోగి పాటిస్తే పని తనది, పేరు ఇంకొకరిది అవుతుంది. అందుకే ముందు ఆ ఆలోచనను మెయిల్‌లో రాసి పెట్టుకోవాలి.

కొనేముందు విషయసూచిక చూడండి. ఉత్తరాల మీద, సంసారం మీద విడి భాగాలుంటే అది పాత ప్రతి. 1981 సవరణలో వాటిని తీసేశారు.