నెట్ జీరో బాట: ఐఎస్‌ఓ మార్గదర్శకాలా, ఎస్‌బీటీఐ ప్రమాణమా?

విశాఖలో నెట్ జీరో లక్ష్యం (గ్రీన్‌హౌస్ వాయు ఉద్గారాలను వీలైనంత తగ్గించి, మిగిలినదాన్ని వాతావరణం నుంచి తొలగించి, నికరంగా సున్నాకు చేరడం) పెట్టుకోవాలనుకునే సంస్థ ముందు రెండు ప్రధాన స్వచ్ఛంద మార్గాలున్నాయి: 2022 నవంబరులో కాప్27 వాతావరణ సదస్సులో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ విడుదల చేసిన ఐడబ్ల్యూఏ 42 మార్గదర్శకాలు, కంపెనీల ఉద్గార లక్ష్యాలను పరిశీలించే సైన్స్ బేస్డ్ టార్గెట్స్ ఇనిషియేటివ్ నుంచి 2021 అక్టోబరులో వచ్చిన ఎస్‌బీటీఐ కార్పొరేట్ ప్రమాణం.

మొదటిది ఉచితం. కంపెనీలకే కాక నగరాలకూ వర్తిస్తుంది కనుక విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ వంటి సంస్థకు ఇదే తగిన దారి. ఎస్‌బీటీఐ స్థానిక ప్రభుత్వాల లక్ష్యాలను పరిశీలించదు. అయితే ఐఎస్‌ఓ పత్రం సలహా చెబుతుందే తప్ప ధ్రువపత్రం ఇవ్వదు. ఎస్‌బీటీఐలో రుసుము చెల్లిస్తే లక్ష్యాన్ని పరిశీలించి ఆమోదిస్తారు. ఆ ప్రమాణం తొలి రూపం ప్రకారం చాలా రంగాలు 2050 నాటికి ఉద్గారాలను కనీసం 90 శాతం తగ్గించుకున్నాకే, మిగిలిన కాస్తను వాతావరణం నుంచి తొలగించి సరిపెట్టాలి.

ఉద్గారాల లెక్క రాసే తీరు మాత్రం రెండింటిలోనూ దాదాపు ఒకటే. ఆటోనగర్‌లోని ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డును తీసుకుందాం. జనరేటర్‌లో మండే ప్రతి లీటరు డీజిల్‌కు వెలువడే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ స్కోప్ 1 (సంస్థ నేరుగా వెలువరించేవి) కిందికీ, ఈపీడీసీఎల్ కరెంటు బిల్లులోని యూనిట్లు స్కోప్ 2 (కొన్న కరెంటు వల్ల వచ్చేవి) కిందికీ వస్తాయి. కొన్న ఉక్కు, లారీ రవాణా స్కోప్ 3 (సరఫరా గొలుసులో ఇతరుల దగ్గర వెలువడేవి). యజమాని కంటికి కనిపించేది జనరేటర్ పొగే అయినా, అసలు బరువు సాధారణంగా ఆ ఉక్కుదే.

విదేశీ కొనుగోలుదారు ఆమోదిత లక్ష్యం అడిగితే ఎస్‌బీటీఐ ఖర్చు భరించక తప్పదు. అలాంటి ఒత్తిడి లేని షెడ్డు ఐఎస్‌ఓ పత్రం ముందుంచుకొని, ఏడాది డీజిల్ రసీదులు, కరెంటు బిల్లులతో లెక్క మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం.