పాత డీఎస్‌ఎల్‌ఆర్ కొంటున్నారా? షట్టర్ లెక్క మీ చేత్తో మీరే చూసుకోండి

పెళ్లిళ్ల సీజన్ ముందు పాత కెమెరాలు కొనేవాళ్లందరూ దయచేసి ఇది చదవండి. స్టూడియోలు ఒక్కొక్కటిగా లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకు మారుతున్నాయి. వాళ్లు వదిలించుకున్న, అద్దం ఉండే డీఎస్‌ఎల్‌ఆర్‌లు సెకండ్ హ్యాండ్ దుకాణాలకు చేరుతున్నాయి. ధర వింటే ఆశ పుడుతుంది. మోసం జరిగేది అక్కడే, షట్టర్ లెక్కలో, అంటే కెమెరా ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు (ఫొటోలు) కొట్టిందన్న లెక్కలో.

పెళ్లి ఫొటోలు తీసే మా తమ్ముడు హైదరాబాద్‌లో ఒక దుకాణం నుంచి నికాన్ డి750 తీసుకున్నాడు. 22 వేల క్లిక్కులే తిరిగిందంటూ, ఆ కెమెరాతోనే తీశామని వాళ్లు మెయిల్‌లో ఒక ఫొటో పంపారు. ఆ ఫొటో ఫైల్‌లో నమోదైన లెక్క అంతే ఉంది. కొన్నాళ్లకే ఒక పెళ్లిలో, సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకు, అద్దం పైకి లేచి అలాగే బిగుసుకుపోయింది. వ్యూఫైండర్‌లో చీకటి, పైనున్న చిన్న తెర మీద ‘ఎర్రర్’ గుర్తు. రెండో కెమెరా ఉండబట్టి సరిపోయింది. లేకపోతే ఆ క్షణాన్ని ఆ ఇంటివాళ్లకు ఎవరు తెచ్చిస్తారు?

మెమరీ కార్డులోని చివరి ఫొటో చూస్తే లెక్క లక్షా అరవై వేలు దాటింది. ఈ మోడల్ షట్టర్‌ను కంపెనీ పరీక్షించింది 1,50,000 క్లిక్కులకు. దుకాణం పంపిన ఫొటోలోని సీరియల్ నంబరు, మా కెమెరా మీది నంబరు వేర్వేరు. వేరే కెమెరాతో తీసిన ఫొటో చూపించి అమ్మారు! అడిగితే ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోం’ అన్నారు.

కాబట్టి డబ్బు ఇచ్చేముందు మీ కార్డు వేసి, మీరే ఒక ఫొటో తీయండి. నికాన్ అయితే ఆ ఫైల్‌లోనే షట్టర్ లెక్క, సీరియల్ నంబరు రెండూ ఉంటాయి. కానన్ మోడళ్లలో చాలావాటికి లెక్క ఫొటోలో కనిపించదు, కెమెరాను కంప్యూటర్‌కు కలిపి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. కార్డు వేయనివ్వకపోతే లేచి వచ్చేయండి. వీడియోలకే వాడిన కెమెరా అయితే తక్కువ లెక్కను చూసి మురిసిపోకండి, రికార్డింగ్ ఎన్ని గంటలు నడిచిందో అందులో తెలియదు.

ఆ దుకాణం చెప్పిన మరో అబద్ధం: ‘రేపు మిర్రర్‌లెస్ కొన్నా ఈ లెన్సులన్నీ అడాప్టర్‌తో పనిచేస్తాయి’. నికాన్ పాత ఏఎఫ్-డి లెన్సుల్లో ఫోకస్ చేసే మోటారు ఉండదు. నికాన్ వారి ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో వాళ్ల మిర్రర్‌లెస్ జెడ్ కెమెరాకు తగిలిస్తే చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే. పరుగెత్తే పెళ్లిలో అది కుదిరే పనేనా? కానన్ డీఎస్‌ఎల్‌ఆర్‌ల ఈఎఫ్ లెన్సులకు ఈ ఇబ్బంది లేదు.

డీఎస్‌ఎల్‌ఆర్ పనికిరాదని నేను అనను. డి750 చక్కటి ఫొటోలు తీస్తుంది. కానీ కానన్, నికాన్‌ల చివరి అగ్రశ్రేణి డీఎస్‌ఎల్‌ఆర్‌లు, 1డీఎక్స్ మార్క్ 3, డి6, రెండూ 2020లోనే వచ్చాయి. ఇప్పుడు వాళ్ల దృష్టంతా మిర్రర్‌లెస్ మీదే. అందుకే షట్టర్ మార్చడానికి ఎంతవుతుందో, విడిభాగం దొరుకుతుందో లేదో సర్వీస్ సెంటర్‌లో ముందే అడిగి, ఆ ఖర్చు కలుపుకుని బేరమాడండి.

బిల్లు మీద సీరియల్ నంబరు, షట్టర్ లెక్క రాయించుకోండి. మా తమ్ముడి బిల్లులో ‘కెమెరా ఒకటి’ అని మాత్రమే ఉంది. అయినా మెయిల్‌లో వచ్చిన ఆ ఫొటోనే ఆధారంగా పెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం.